హలో దాటాక

మా ఆడపడుచుని ఊరంతా నంబరమ్మ అనేవారు. ఎవరు ఫోను ఎత్తినా "నంబరు చెప్పండి" అని పలికే గొంతు ఆవిడదే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, బజారులో ఎవరైనా "ఎవరి తాలూకమ్మా?" అని అడిగితే మావారి పేరు చెప్పేదాన్ని. వాళ్ళు తెల్లమొహం వేసేవారు. "నంబరమ్మ మరదల్ని" అంటే మాత్రం "ముందే చెప్పొద్దూ!" అని కుర్చీ వేసేవారు. పెళ్ళాడింది తమ్ముణ్ణయితే పలుకుబడి అక్కదేమిటని నాకు లోపల ఒళ్ళు మండిపోయేది.

వదిన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "లైను ఎంగేజ్డుగా ఉంది, తర్వాత ప్రయత్నించండి" అనేది. మా మామగారు పోయాక తమ్ముడి చదువు, ఇంటి బరువు తలకెత్తుకుని, ఆ హడావుడిలో ఆవిడ తన సంగతి మరిచిపోయిందని మావారు అంటూ ఉంటారు. మరిచిపోలేదు, పక్కన పెట్టింది. ఆడదాన్ని, నాకు తెలియదా. మనిషి పొడగరి, నడకలో విసురు, ముక్కు మీద కోపం. మాట మాత్రం ఫోనులోకి వెళ్ళేసరికి మంచినీళ్ళలా ఉండేది. ఆ మంచినీళ్ళు ఇంట్లో మాకెందుకు పోయవు అని నేను దెప్పిపొడిస్తే, "ఇంట్లో నాకు జీతమిస్తున్నారా?" అనేది.

వదిన పనిచేసే టెలిఫోను ఎక్స్ఛేంజి, పోస్టాఫీసు మేడమీద ఉండేది. చెక్కమెట్లు ఎక్కి తలుపు తోస్తే వేడెక్కిన తీగల వాసన, పాత చెక్కకి పట్టించిన నూనె వాసన కలిసి గుప్పుమనేవి. ఇప్పటికీ ఎక్కడైనా పాత రేడియో వేడెక్కితే నాకు ఆ గదే గుర్తొస్తుంది. పొడవాటి బల్ల, దాని వెనక నిలువుగా నల్లటి బోర్డు, బోర్డు నిండా వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక్కో రేకు మూత. ఊళ్ళో ఎవరైనా ఫోను హ్యాండిలు తిప్పితే వాళ్ళ మూత టప్పుమని పడేది. వదిన ఆ రంధ్రంలో ఒక తీగ గుచ్చి "నంబరు చెప్పండి" అని, వాళ్ళడిగిన నంబరులో జత తీగ గుచ్చేది. చూస్తుంటే కుట్టుపనిలా ఉండేది.

ప్రతి జత తీగలకీ బల్లమీద ఒక మీట. మీట ముందుకి తోస్తే ఇద్దరి మాటలూ ఆపరేటరుకి వినపడతాయి. వెనక్కి లాగితే వినపడవు. తీగ కలిసిందో లేదో చూసుకోవడానికి కాసేపు వినక తప్పదు కదా. వదిన పద్ధతేమిటంటే, ఇటునుంచి ఒక హలో, అటునుంచి ఒక హలో, అంతే, మీట వెనక్కి. దాన్ని "చెవి తీసెయ్యడం" అనేది. కొత్తగా చేరిన అమ్మాయిలకి మొట్టమొదట నేర్పేది అదే. తీగ తప్పు గుచ్చితే కసిరి ఊరుకునేది. చెవి తియ్యకపోతే మాత్రం నాలుగు రోజులు మాట్లాడేది కాదు.

మా ఎదురింటావిడకి ఊరి సంగతులంటే చెవి కోసుకునేంత ఇష్టం. సాయంత్రం వదిన డ్యూటీ దిగి రావడం ఆలస్యం, గుమ్మంలో పట్టుకునేది.

"డాక్టరుగారింట్లో ఏదో గొడవట కదా. పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్లట?"

"ఏమోనండి. హలో దాటితే నాకు చెవుల్లేవు."

"మాకు చెప్పకూడదా ఏమిటి, మేమేమన్నా చాటింపు వేస్తామా?"

"మీకు చాటింపు ఎందుకండీ, మీ గొంతు చాలు."

ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ హాజరు.

నా బాధ వేరు. మా అమ్మకి ఫోను చేసి మా ఆడపడుచు మీద చాడీలు చెప్పుకోవాలంటే, ఆ ఫోను కలపాల్సింది మా ఆడపడుచే. మెట్ల దిగువన చెక్కగది ఒకటి ఉండేది, బయటూళ్ళకి మాట్లాడేవాళ్ళకోసం. అందులోకి వెళ్ళి తలుపేసుకుని, హలో అన్నాక ఒక్క క్షణం ఆగి, పైన మీట లాగి ఉంటుందిలే అని ధైర్యం తెచ్చుకుని మొదలుపెట్టేదాన్ని. "అమ్మా, ఈవిడతో వేగలేక చస్తున్నాను" అని. ఐదేళ్ళు అలాగే చెప్పుకున్నాను. ఒక్క మాట కూడా ఆవిడ చెవిన పడలేదనే నమ్మకంతో పైకెళ్ళి, ఇద్దరం కలిసి కాఫీ తాగి ఇంటికొచ్చేవాళ్ళం. అంత నమ్మకం ఆ గదంటే.

అదే చెక్కగదికి ప్రతి బుధవారం నాలుగింటికి గడియారాల మేస్త్రి వచ్చేవాడు. బజారు మలుపులో వాళ్ళ నాన్న కాలంనాటి కొట్టు. ముప్ఫై దాటని మనిషి, నోట్లో నాలుక లేనట్టుండేవాడు, కంటికి ఆ చిన్న గాజుబిళ్ళ పెట్టుకుని వంచిన తల ఎత్తేవాడు కాదు. ఎక్కడో రెండువందల మైళ్ళ దూరాన ఒక మందుల కొట్టు నంబరు అడిగేవాడు. బయటూరి ఫోనుకి రాసిచ్చే చీటీలో అవతలి మనిషి పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేసేవాడు. వదిన అదీ అడిగేది కాదు.

ఒక సోమవారం పొద్దున పదకొండింటికి రైల్వే స్టేషన్లో, టిక్కెట్ల కిటికీ దగ్గర, బాంబు పేలింది. పద్నాలుగు మంది పోయారు. మా వంటింటి కిటికీ అద్దాలు గలగలలాడాయి. మావారు ఆఫీసులోనే ఉన్నారని కబురొచ్చాక, క్యారేజీ కట్టుకుని వదిన దగ్గరికి పరిగెత్తాను.

ఆ గదిని అలా ఎప్పుడూ చూడలేదు. బోర్డు మీద మూతలన్నీ పడిపోయి ఉన్నాయి. వదిన, ఇంకో ఇద్దరు ఆపరేటర్లు, నిలబడే తీగలు గుచ్చుతున్నారు. ఆ రోజు ఊరంతా మాట్లాడింది ఒకే మాట. "ఉన్నాడా?" అని ఇటునుంచి. "ఉన్నాడు" అని అటునుంచి. అది వినగానే వదిన మీట లాగి ఇంకో తీగ అందుకునేది. కొన్ని ఇళ్ళల్లో ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఆ తీగలు పీకడానికి వదినకి చెయ్యి రాలేదు. "ఇంకొక్కసారి మోగిస్తానండీ. ఇంకొక్కసారి" అంటోంది. క్యారేజీ సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది.

మర్నాడు దర్యాప్తు అధికారి ఎక్స్ఛేంజికి వచ్చాడు. చెడ్డవాడు కాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు, చొక్కా చేతికి ఇంకా మసి. పైనుంచి వచ్చిన ఆర్డరు కాగితం బల్లమీద పెట్టి, ఊళ్ళోంచి బయటికెళ్ళే ప్రతి ఫోనూ వినాలన్నాడు.

"మీరు కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదమ్మా. మీట లాగకుండా ఉంటే చాలు. అనుమానంగా ఉన్నది రాసివ్వండి."

"నావల్ల కాదు సార్. హలో దాటితే నాకు చెవుల్లేవు."

"నిన్న నేను పద్నాలుగు శవాల్ని దగ్గరుండి మోయించాను. రేపు ఇంకోచోట పేలితే? ఆ కబురు మీ తీగలోంచే వెళ్ళుంటే?"

 వదిన ఇంటికొచ్చి తనే ఒప్పుకుంది. "ఆయనన్నదాంట్లో తప్పేముందే? నాకు నోరు పెగల్లేదు."

"మరి సరేననొచ్చుగా?"

"సరేనని, రేపట్నుంచి ఏ మొహం పెట్టుకుని నంబరు చెప్పండి అనను?"

ఆవిడ వినకపోతే ఆర్డరు ఆగదు కదా. వదిన పక్కన ఇంకో స్టూలు వేసి, ఒక కానిస్టేబులుకి చెవులకి తగిలించుకునే పరికరం ఇచ్చి కూర్చోబెట్టారు. పాపం అతనికి ఆ పని కొత్త. బయటూరి లైను అంటే గరగర, ఈల, మధ్యలో ఇంకెవరివో మాటలు. ఆ గరగరలోంచి మాటలు ఏరుకోవడం బియ్యంలో రాళ్ళేరడం లాంటిది, ఏళ్ళు పడుతుంది. కానిస్టేబులుకి ఇవతలి గొంతే వినపడేది. వినపడింది వినపడ్డట్టు కాగితం మీద రాసుకునేవాడు.

బుధవారం నాలుగింటికి గడియారాల మేస్త్రి వచ్చాడు.

గురువారం పొద్దున్నే అతన్ని కొట్లోంచి తీసుకుపోయారు. కొట్టంతా గడియారాలు, బ్యాటరీలు, స్ప్రింగులు, సన్నటి తీగలు. అనుమానించాలనుకున్నవాడికి అంతకంటే ఏం కావాలి? ఆ కాగితంలో రాసింది మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకిపోయింది. "పేలిందా? ఎప్పుడు? అంతా పేలిందా? ఈసారి పౌడరు ఎక్కువ పంపిస్తాను. రెండు డబ్బాలు. బస్సు డ్రైవరు చేతికిస్తా. ఎవరికీ చెప్పకు" అన్నాడట. విన్నవాళ్ళు గుండెలు బాదుకున్నారు. అతను బాగుచేసిన గోడగడియారం లేని ఇల్లు ఊళ్ళో లేదాయె. జనం వాటిని పీకి దొడ్లలో, వీధుల్లో పెట్టేశారు. మా ఎదురింటావిడైతే నీళ్ళ బకెట్టులో ముంచి, దూరంగా నిలబడి దణ్ణం పెట్టింది.

అతను పోలీసు స్టేషన్లో, తను మాట్లాడింది చెల్లెలితో అన్నాడట. పోలీసులు వాళ్ళ నాన్నని అడిగారు. పెద్ద మేస్త్రి పట్టుదల మనిషి. కూతురు తన మాట కాదని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందని, నాలుగేళ్ళుగా ఆ పిల్ల పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఎవరడిగినా ఒకే మాట అనేవాడు. పోలీసులకీ అదే చెప్పాడు.

"నాకు ఒక్కడే కొడుకు. కూతురు లేదు."

వాళ్ళు రాసుకున్నారు. అబద్ధం దొరికిపోయిందని కొడుకుని ఇంకా గట్టిగా అడగడం మొదలుపెట్టారు. చెల్లెలి ఊరూ పేరూ చెబితే చంటిబిడ్డతో సహా దాన్నీ లాక్కొస్తారని భయపడి అతను ఇంక నోరు విప్పలేదు. మందుల కొట్టువాణ్ణి అడిగితే వాడు హడలిపోయి, రోజుకి వందమంది వస్తారు నాకేం తెలుసన్నాడు.

శుక్రవారం వదిన అన్నం కలిపి ముద్ద ఎత్తలేదు. ఏమైందని రెండుసార్లు అడిగాను.

"అతను నిజమే చెప్పాడే" అంది చివరికి. "అది చెల్లెలే. పేలింది పిల్ల ఒళ్ళు. ఎండకి పేలింది."

"నీకెలా తెలుసు?"

కంచంలో గీతలు గీస్తూ కూర్చుంది.

"విన్నాను."

"బుధవారం ఆ కానిస్టేబులు పక్కనున్నాడని విన్నావా?"

"ప్రతి బుధవారం విన్నాను."

 ఏడు నెలల క్రితం ఒక బుధవారం లైను అధ్వాన్నంగా ఉందట. చెల్లెలు అంటున్నది అతనికి అందడం లేదు. "అక్కా, ఏమంటోందో మీరు విని చెబుతారా?" అని బతిమాలాడట. అలాంటప్పుడు ఆపరేటర్లు మాట అందించడం మామూలే. వదిన విని చెప్పింది. "పాప బోర్లా పడిందట." ఆ తర్వాత ఆ అమ్మాయి ఫోనుని పాప మూతి దగ్గర పెట్టింది. ఊ, ఊ అంది పాప. పై వారం లైను బాగానే ఉంది. వదిన అవసరమే లేదు. రెండు హలోలూ అయ్యాయి.

"చెయ్యి మీట మీదే ఉందే. లాగలేకపోయాను. ఈ ఒక్కసారికీ అనుకున్నాను. ఇంక బుధవారం వస్తోందంటే..." అని ఆగిపోయింది.

మా ఇంట్లో అప్పటికింకా పిల్లల్లేరు. ఆ బాధ నా ఒక్కదానిదే అనుకుని ఐదేళ్ళుగా మూలుగుతున్నాను. అదే కప్పు కింద ఇంకో ఆడమనిషికి ఆ ఆకలి ఉంటుందని నాకు ఏనాడూ తోచలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోపాటే ఇంకో అనుమానం తన్నుకొచ్చింది.

"అయితే మా అమ్మతో నేను మాట్లాడినవీ విన్నావా?"

"లేదు."

"ఒట్టు?"

"నీ చాడీలు వినే ఓపిక నాకెక్కడిదే?"

నవ్వాను. కానీ చాడీలని ఆవిడకెలా తెలుసు? ఊహించి ఉండొచ్చు. ఏ మరదలు చెప్పదు గనక. ఈ ముక్క ఇన్నేళ్ళలో నేను మళ్ళీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఒకటి మాత్రం నిజం. ఆ చెక్కగదిలో నేను మళ్ళీ నోరారా మాట్లాడలేకపోయాను.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెబుతానంది. నేను వద్దంటే వద్దన్నాను. ఇది దాచుకోవడం ఎందుకు, ఆ రోజు నేను చాలా నీచంగా మాట్లాడాను.

"వినడమంటే ఉద్యోగం ఊడే నేరమని నువ్వే అంటావు. నీ జీతం మీద నడుస్తున్న ఇల్లు వదినా. పైగా పోలీసులకి విననని బీరాలు పోయి, ఇప్పుడు విన్నానంటే ఊరు మొహాన ఉమ్మదూ? నిజం వాళ్ళే తేలుస్తారులే. రెండు రోజులు ఓపిక పట్టు."

"తేలుస్తారు. ఈ రెండు రోజులూ అతనెక్కడుంటాడు?"

శనివారం పొద్దున ఇద్దరం వెళ్ళాం. ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. దర్యాప్తు అధికారి గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడనిండా పోయినవాళ్ళ ఫోటోలు. వదిన ఆ ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూసి, అప్పుడు కూర్చుంది.

"బుధవారం ఫోను నేనూ విన్నాను సార్. అవతలి మాటలు కూడా."

"మీకు హలో దాటితే చెవుల్లేవన్నారు?"

"ఊళ్ళో అందరి విషయంలోనూ లేవు సార్. వీళ్ళ విషయంలో ఉన్నాయి. ఏడు నెలలుగా వింటున్నాను."

ఆయన సొరుగులోంచి కానిస్టేబులు రాసిన కాగితం తీశాడు. మేస్త్రి మాటలు ఒక్కో వరసలో ఉన్నాయి. మధ్యలో అవతలి మాట రావాల్సినచోటల్లా "గరగర" అని రాసి ఉంది. ఆయన చదువుతుంటే వదిన ఒక్కో గరగరా పూరించింది. గొంతు మాత్రం ఆ అమ్మాయిది.

"పేలిందా? ఎప్పుడు?" ఆయన చదివాడు.

"సోమవారం నుంచీ అన్నయ్యా. మెడకింద మొదలై వీపంతా పాకింది. ఇక్కడ ఎండలు అలా ఉన్నాయి."

"అంతా పేలిందా?"

"ఒళ్ళంతా ఎర్రగా పేలింది. గోక్కోవడం రాదుగా దానికి, ఒకటే ఏడుపు. పోయినసారి నువ్వు పంపిన పౌడరు చల్లితే తగ్గింది, అది ఇక్కడ దొరకడం లేదు."

"ఈసారి పౌడరు ఎక్కువ పంపిస్తాను. రెండు డబ్బాలు..." అని ఆయన ఆగిపోయాడు.

"మీకు పిల్లలున్నారా సార్?" అంది వదిన.

"ఇద్దరు."

"ఎండాకాలం ఒళ్ళు పేలదా వాళ్ళకి?"

ఆయన కాగితం బల్లమీద పెట్టి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.  తల ఎత్తకుండానే అన్నాడు, "మీరు చెబితే చాలదమ్మా. రాసివ్వాలి. రాసిస్తే మీ ఉద్యోగం..."

"తెలుసు సార్. కాగితం ఇవ్వండి."

వదిన చెప్పిన ఆనవాళ్ళతో మధ్యాహ్నానికల్లా అవతలి ఊరి పోలీసులు ఆ అమ్మాయిని పట్టుకున్నారు. పాప మెడనిండా పౌడరే. బుధవారం రాత్రి బస్సులో పంపిన డబ్బాల్లో రెండోదాని సీలు కూడా తియ్యలేదు. ఆదివారం పొద్దున మేస్త్రిని వదిలేశారు. కుడిచేతి వేళ్ళు రెండు సరిగ్గా ముడుచుకోవడం లేదు. ఆ తర్వాత అతను చేతిగడియారాలు పట్టుకోలేదు. గోడగడియారాలు మాత్రం బాగుచేసేవాడు.

అసలువాళ్ళు రెండు నెలలకి ఇంకో ఊళ్ళో దొరికారు. ఆఫీసరు పనిగట్టుకుని మా ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు. "ఫోను వినే పట్టుకున్నామమ్మా" అన్నాడు. "మంచిపని చేశారు సార్" అంది వదిన. మనస్ఫూర్తిగానే అంది, పక్కనే ఉన్నాను.

వదినని పూర్తిగా తీసెయ్యలేదు. ఒక మనిషి ప్రాణం నిలబెట్టిందని ఆ ఆఫీసరే పైవాళ్ళకి రాశాడట. బోర్డు మీదనుంచి మాత్రం తప్పించి, కింద గదిలో పాత చీటీలు కట్టలు కట్టే పనిలో వేశారు. పదకొండేళ్ళు ఆ గదిలోనే ఉంది. క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు చూసేదాన్ని. పైన మూత టప్పుమన్నప్పుడల్లా చేతిలో దారం వదిలేసి తల పైకెత్తేది. ఊళ్ళో ఫోను ఎత్తినవాళ్ళు హలో అన్నాక "నంబరమ్మలూ, చెవులు తీసెయ్యండి" అని వేళాకోళం చేస్తున్నారని తెలిసి, రెండు రోజులు గది తలుపు తియ్యలేదు. తర్వాత ఎవరినీ అడగక్కర్లేకుండా నంబరు తిప్పుకునే ఫోన్లు వచ్చాయి. బోర్డుని ముక్కలుగా విప్పి లారీలో వేసుకుపోయారు. వదిన చూడ్డానికి రాలేదు. నేను వెళ్ళాను. ఆ గది వాసన ఇంకొక్కసారి పీల్చుకుందామని.

ఇప్పుడు ఆవిడకి ఎనభై రెండు. అన్నేళ్ళు పరికరం తగిలించుకున్న ఎడమ చెవి పూర్తిగా పోయింది. మొన్నామధ్య ఎక్కడో పేలుడు జరిగి, పట్టుబడ్డవాడి ఫోను తెరుచుకోక, తెరిచి ఇమ్మని ప్రభుత్వం, కుదరదని ఆ ఫోను తయారుచేసిన కంపెనీ, టీవీలో నానా రభసా చేశారు. లేకలేక పుట్టిన మా అబ్బాయి, వాళ్ళ నాన్న, భోజనాల దగ్గర జుట్లు పట్టుకున్నంత పని చేశారు.

"మంచివాళ్ళ చేతిలో ఉంటే భయమేమిటి నాన్నా? దొంగల్ని పట్టుకోవడానికేగా?" అన్నాడు మావాడు.

వదినకి అది ఎలా వినపడిందో మరి, కుడి చెవి ఇటు తిప్పింది.

"నేను మంచిదాన్నే కదరా?" అంది. "విన్నాను."

వాడికి ఏమీ తెలియదు కాబట్టి "ఏం విన్నావత్తా?" అన్నాడు. ఆవిడ చెప్పలేదు. ఆవిడకి గుర్తొచ్చింది ఏమిటో నాకు తెలుసు. విడుదలైన వారానికి మేస్త్రి మా ఇంటికొచ్చిన రోజు.

ఎండ చల్లబడ్డాక వచ్చాడు. చేతికి కట్టు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి వదినకి నమస్కారం పెట్టబోతే ఆ కట్టు చెయ్యి సరిగ్గా కలవలేదు. వదిన చప్పున వచ్చి వద్దని వారించింది.

"మీరు రాకపోతే నేను ఇంకా అక్కడే ఉండేవాణ్ణక్కా. మీ మేలు మరిచిపోను" అన్నాడు.

"చెల్లెలూ పాపా కులాసానా?"

"కులాసా."

అక్కడితో వెళ్ళిపోతాడనుకున్నాను. కదల్లేదు. అడగాలా వద్దా అని నీళ్ళు నములుతున్నాడని తెలుస్తూనే ఉంది.

"పోలీసులు వింటారు, వాళ్ళ పని అది" అన్నాడు. "మీరు విన్నది ఆ ఒక్కరోజే అనుకున్నాను అక్కా. లైను బాగాలేని రోజు. ప్రతివారం వింటున్నారా?"

"ఆఁ" అంది వదిన.

"పోయిన నెల, పాపకి మాట వచ్చిన రోజు కూడానా? మొదటిసారి 'మామ' అంది."

"విన్నాను."

అతను తల ఊపాడు. కోపం లేదు మొహంలో. ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"నా ఒక్కడికే అందనుకున్నానక్కా" అన్నాడు.

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వదిన పిలవలేదు. పై బుధవారం నాలుగింటికి అతను చెక్కగదికి రాలేదు. పొరుగూరి ఎక్స్ఛేంజికి బస్సులో వెళ్ళి మాట్లాడి వస్తున్నాడని అక్కడి ఆపరేటరు చెప్పింది. వదిన విని, "మంచిపని చేశాడు" అంది. పెరట్లోకి వెళ్ళి బట్టలు తీసుకొస్తానని, తీగ మీద బట్టలన్నీ గుండెలకి పొదువుకుని, అక్కడే నిలబడి ఏడ్చింది.